పైడక్క మోటారు, సింహాచలం పొయ్యి

వార్నిష్ వాసన వస్తే నాకు ఆకలేస్తుంది. నవ్వకండి, నిజం. మొన్న మా హాల్లో ఫ్యాను కాలిపోతే ఒక కుర్రాడు తీసుకెళ్ళి, వైండింగు చేయించుకొచ్చి బిగించాడు. స్విచ్చు వేయగానే కొత్త వార్నిష్ వాసన గదంతా నిండింది. "కాసేపట్లో పోతుందమ్మా, కిటికీలు తెరవండి" అన్నాడు నొచ్చుకుంటూ. నేను కిటికీలు తెరవలేదు సరికదా, వంటింట్లో ఉన్న మా ఆయనకి కేకేసి అట్లు పోయమన్నాను. డెబ్బై దాటిన ముసలమ్మకి ఇదేం కోరిక అన్నట్టు చూశాడు వాడు. పాపం, వాడికి పైడక్క గురించి ఎలా తెలుస్తుంది?

అరవైల చివరి మాట. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. పెళ్ళయి, అక్కడ పొసగక, సాలూరులో మా పుట్టింటికి తిరిగొచ్చేశాను. మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. వచ్చినవాళ్ళు కందిపప్పుతో పాటు నా సంగతి కూడా తూకం వేయించుకుని వెళ్ళేవారు. నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు, కానీ నేను ఎదురొస్తే తల దించుకునేవాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఒకరోజు కొట్లో రేడియో మూగబోతే, బాగుచేయించుకు రమ్మని నన్నే పంపించాడు. ఆ వంకనైనా పిల్ల నాలుగు గోడలు దాటుతుందని పంపించి ఉంటాడు.

లారీలు ఆగే రోడ్డు పక్కన పెంకుల షెడ్డు అది. ముందు భాగంలో ఒక మగమనిషి అట్లు పోస్తున్నాడు. వెనక ఒక ఆడమనిషి కొంగు నడుముకు దోపుకుని, లారీ డైనమో విప్పి ముందేసుకు కూర్చుంది. నేను రేడియో ఆయన చేతికి ఇవ్వబోయాను.

"నాకిస్తే పెనం మీదెయ్యాల. ఆవిడికియ్యమ్మా" అన్నాడాయన.

ఆయన సింహాచలం. ఆవిడ ఆయన భార్య పైడితల్లి, ఊరందరికీ పైడక్క. వాళ్ళ నాన్న నెల్లిమర్ల జనపనార మిల్లులో మోటార్లు చూసేవాడట. కొడుకులు లేరు కనక కూతురికే పని నేర్పాడు. పెళ్ళయి సాలూరు వచ్చాక ఇక్కడ మోటార్ల కన్నా లారీలే ఎక్కువని లారీ పని పట్టింది. తర్వాత టూరింగు టాకీసు ప్రొజెక్టరు, పెళ్ళిళ్ళ మైకుసెట్లు, రేడియోలు. పల్లెలకు కరెంటు పాకుతున్న కొద్దీ నూతి మోటార్లు. ఇన్ని పనులు ఎలా వచ్చాయని అడిగితే, "రానేదే ఓలమ్మీ. ఏది దొరికితే అది ఇప్పినాను. ఇప్పగా ఇప్పగా వొచ్చినాది" అంది. రేడియో బాగైపోయింది గానీ నేను మర్నాడూ వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. ఆవిడ ఎందుకొచ్చావని అడగలేదు. ఒక స్క్రూడ్రైవరు చేతిలో పెట్టింది.

ఆ ఇంట్లో వంట, పిల్లల స్నానాలు, కూతురి జడ అన్నీ సింహాచలం పనే. డ్రైవర్లు వేళాకోళం చేసేవారు. "ఏటి సిమ్మాచలం, ఇయ్యాల జడెయ్యనేదేటి?" అని ఒకడంటే, "నీ బుర్ర మీద జుట్టుంటే నీకూ ఏసీవోన్ని" అనేవాడు అట్టు తిరగేస్తూ. మా ఇంట్లోనూ, నేను వదిలి వచ్చిన ఇంట్లోనూ మగవాడి కంచం ముందు ఆడది నిలబడి ఉండడమే నేను చూసింది. ఇక్కడ ఆవిడ గ్రీజు చేతులతో కూర్చుంటే ఆయన అట్టు ముక్క తుంచి నోట్లో పెట్టేవాడు. మొదటిసారి చూసినప్పుడు నేను సిగ్గుపడి తల తిప్పుకున్నాను. రెండోసారి తిప్పుకోలేదు.

ఇద్దరి పనికీ పొయ్యి ఒక్కటే. చుట్టిన కాయిల్‌ని వార్నిష్‌లో ముంచాక సన్నని వేడి మీద ఆరబెట్టాలి. పొద్దుటి టిఫిన్లు అయిపోగానే సింహాచలం నిప్పుల మీద ఊక పోసి, బూడిద కప్పి, పైన అడుగు తీసేసిన నూనె డ్రమ్ము నిలబెట్టి, అందులో మోటారును వేలాడదీసేవాడు. డ్రమ్ములో అరచెయ్యి పెట్టి చూసి, "ఇంకా పచ్చిగున్నాది. ఆగు" అనేవాడు. పైడక్క గొణుక్కుంటూ ఆగేది. అందుకే మా అట్లకు కాస్త వార్నిష్ వాసన. అలవాటుపడ్డ డ్రైవర్లు వేరేచోట తింటే రుచిగా లేదనేవారు.

ఆ వేసవిలో సింహాచలం వాళ్ళన్న అప్పన్న ఊరి నుంచి వచ్చాడు. నలుగురూ తింటున్న వేళ చూసి మొదలుపెట్టాడు. "పెళ్ళాం సంపాదిత్తంటే నువ్వు పొయ్యూదుకుంటన్నావని ఊరు ఊరంతా నవ్వుతన్నాది. మగోడివైతే వొచ్చి నాగలి పట్టు." సింహాచలం భార్య వైపు చూశాడు. ఉండమని ఆవిడ ఒక్క మాట అంటే ఉండిపోయేవాడే. కానీ పైడక్క ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. తల వంచుకుని తీగ చుడుతూనే ఉంది. ఆయన గరిటె కడిగి, గోడకు తగిలించి, అన్న వెంట వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఒక చెరుకు రైతు కాలిపోయిన మోటారు తెచ్చాడు. తోట ఎండిపోతోందని ప్రాణాలు తోడేస్తున్నాడు. పైడక్క ఎప్పటిలాగే ముచ్చటగా చుట్టింది. వార్నిష్‌లో ముంచి, కొబ్బరి డొక్కలతో తనే నిప్పు వేసింది. పైన గట్టిపడి నిగనిగలాడితే ఆరిపోయిందనుకున్నాం ఇద్దరమూ. తోటకు తీసుకెళ్ళి బిగించి స్విచ్చు వేస్తే, నీళ్ళు గట్టెక్కకముందే మోటారులోంచి పొగ. లోపలంతా పచ్చిగానే ఉందన్నమాట. రైతు ఎండిన ఆకు ఒకటి తుంచి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. చేతిలో ఇంత విద్య ఉన్న పైడక్క అతని ముందు వెలవెలబోవడం నేను చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే పైడక్క బస్సెక్కింది, తోడు నేనూ వెళ్ళాను. బతిమాలి మొగుణ్ణి తెచ్చుకుంటుందనుకున్నాను. అప్పన్న ఇంటి అరుగు మీద నలుగురూ కూర్చుని ఉన్నారు. ఆవిడ నేరుగా సింహాచలం ముందు నిలబడింది.

"మావా, మోటారు తగలెట్టీసినాను. నాకు నిప్పు సెయ్యడం రాదు."

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. పైడక్క అప్పన్న వైపు తిరిగింది. "నవ్వుకోండి బావా. పైడితల్లి మంచి మెకానిక్కంటారు గదా. అందులో సగమే నాను. సగం ఈయన. సగం మనిషిని అక్కడ కూకుని ఏటి సెయ్యమంటావు?"

సింహాచలం అటు అన్న మొహమూ చూడలేదు, ఇటు భార్య మొహమూ చూడలేదు. "ఏటి మీద ఆరెట్టినావు?" అని మాత్రం అడిగాడు.

"కొబ్బరి డొక్కల మీద."

"అయ్యో పైడీ, మంట లేచీదాది! ఊక నిప్పుండాల" అంటూ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బస్సులో దారి పొడుగునా నిప్పు గురించి చెబుతూనే ఉన్నాడు. తిరిగి చుట్టి, ఆయన ఊక నిప్పు మీద ఆరబెట్టిన మోటారుతో చెరుకుతోట చాలా మటుకు నిలబడింది.

"అంతమందిలో అలా అనడానికి సిగ్గనిపించలేదా అక్కా?" అని తర్వాత అడిగాను. "ఎందుకనిపించనేదే? సానా అనిపించినాది. కానీ సిగ్గు దాసుకుంటే పొయ్యి ఎలగదు గదా" అంది.

ఆవిడ నేర్పిన పనితోనే నేను తర్వాత టెలిఫోన్ల శాఖలో చేరాను. పాత ఎక్స్చేంజీలు పోయి ఎలక్ట్రానిక్‌వి వచ్చాయి, వాటి వెనకే కంప్యూటర్లు వచ్చాయి. వచ్చినదాన్నల్లా విప్పాను. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను. నాకు బదిలీలు ఎక్కువై పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు, మా ఆయన ప్రెస్సులో ఉద్యోగం మానేసి ఇల్లు చూసుకున్నారు. ఒక పండగపూట భోజనాల దగ్గర మా ఆడపడుచు, "మా తమ్ముడు ఏం చేస్తున్నాడంటే ఏం చెప్పుకోవాలో తెలియట్లేదమ్మా" అంది. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నాకు అప్పన్న ఇంటి అరుగు గుర్తొచ్చింది. "నేను ఉద్యోగం చేస్తున్నానని చెబుతున్నావు కదా వదినా, అందులో సగం ఆయనే చేస్తున్నారని చెప్పు" అన్నాను. ఆయన మళ్ళీ అన్నం కలుపుకున్నారు.

ఇప్పుడు పైడక్కా లేదు, సింహాచలమూ లేడు. మా ఆయన వాళ్ళిద్దర్నీ ఎన్నడూ చూడలేదు. మొన్న ఫ్యాను కుర్రాడు వెళ్ళిపోయాక, ఆ వాసన పీలుస్తూ ఆకలికి ఆగలేక వంటింట్లోకి వెళ్ళి పెనం మీదికి చెయ్యి చాపాను. ఆయన అట్లకాడతో నా చేతిని పక్కకు నెట్టారు.

"ఇంకా పచ్చిగా ఉంది. ఆగు" అన్నారు.

ఆగాను.