రెండో జోన్‌లో సమ్మక్క నాయిన

మా ట్రక్కు గోదావరిఖని చేరేసరికి మధ్యాహ్నం మూడు గంటలు. గనిలో మొదటి షిఫ్టు దిగే సైరన్ అప్పుడే మోగింది. వాన ఆగలేదు. డెబ్బైల్లో ఒక శ్రావణమాసం అది. గోదావరి పొంగి ఒడ్డు పల్లెలను ముంచింది. మా సిగ్నల్స్ దళానికి వచ్చిన ఆర్డరు ఒక్క ముక్క: వరద శిబిరంలో మైకులు నిలబెట్టాలి. పన్నెండు రోజుల డ్యూటీ.

నాకు ఒళ్లు మండింది. నేను సైన్యంలో చేరింది సరిహద్దులో నిలబడటానికి. ఇక్కడ చూస్తే పెళ్లిపందిట్లో మైక్‌సెట్ వాడి పని. పైగా మాది కాసిపేట పక్క పల్లె. తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తే పరువేం గాను అనుకున్నాను.

శిబిరం గని కార్మికుల కాలనీ బడిలో. సామాను: ఒక ఆంప్లిఫయర్, ఒక మిక్సర్, రెండు మైకులు, ఆరు హారన్లు, రెండు బ్యాటరీలు. హారన్లను మూడు జోన్లుగా కట్టాం. ఒకటి బడి ఆవరణ. రెండోది నాలుగు వందల గజాల అవతల పడవల రేవు. మూడోది లారీలు ఆగే రోడ్డు. ఏ జోన్ మీట నొక్కితే అక్కడే మాట వినిపిస్తుంది.

మా హవల్దార్ కరీంనగర్ మనిషి. ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. మొదటి రోజే నేను మైకు ఆపెయ్యడం మరిచాను. చాయ్‌లో చక్కెర లేదని ఆయన తిట్టిన తిట్లు మూడు జోన్లలో మోగాయి. శిబిరమంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన నన్ను తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"తెరిచిన మైకు, గుండు నింపిన తుపాకి ఒక్కటే తమ్మీ. యాది పెట్టుకో."

అన్నీ ఆయనే నేర్పాడు. గెయిన్ అంటే మైకు ఎంత వింటుందో అది. మాస్టర్ అంటే లోకం ఎంత వింటుందో అది. గెయిన్ ఎక్కువైతే హారన్ గొంతు తిరిగి మైకులోనే పడి కుక్కలా ఊళ వేస్తుంది. దాని పేరు ఫీడ్‌బ్యాక్. ఇక ఎర్ర మీట ప్రయారిటీ. అది నొక్కితే మిగతా గొంతులన్నీ అణిగి ఒక్క గొంతే బయటికి పోతుంది.

రెండో రోజు ఎవడో మైకు లాక్కుని "కట్ట తెగింది" అని అరిచాడు. జనం తొక్కుకుంటూ పరుగెత్తారు. దాంతో మా కెప్టెన్ రాసి ఇచ్చాడు: మైకులో సిపాయిలు తప్ప ఎవరూ మాట్లాడరాదు. జాబితాలో పేరు చదవడం, మనిషిని పిలవడం మా వంతు. అయితే "మల్లయ్య రావాలె" అంటే ఏడుగురు మల్లయ్యలు వచ్చేవాళ్లు. మూడో రోజుకి ఆ పేరు వినీ వినీ మల్లయ్యల్లో సగం మంది తల తిప్పడమే మానేశారు.

నాలుగో రోజు సాయంత్రం ఐదు గంటలు. ఒకామె తడిసిన చీరతో, చంకలో ఏడాది పిల్లతో నా బల్ల ముందు నిలబడింది. లారీలోంచి అప్పుడే దిగింది.

"అన్నా, మా ఇంటాయన మేమింకా ఊర్లెనే ఉన్నమనుకుంటుండు. రేవుకాడున్నడట, తెప్ప మీద అటు పోతనంటుండట. జల్ది పిలువు."

ఆ ఉదయమే రెండు తెప్పలు కొట్టుకుపోయాయి.

"పేరేంది?"

ఆమె తల దించింది. మా వైపు ఆడవాళ్లు మగని పేరు నోట పలకరు. నాకు తెలుసు, మా అమ్మా పలకదు.

"కొమురెల్లి దేవుని పేరు," అంది.

మల్లన్న. అంటే మళ్లీ మల్లయ్యే! మూడు జోన్లలో పిలిచాను. నలుగురు వచ్చారు. నలుగురినీ చూసి ఆమె అడ్డంగా తలూపింది. రేవులో మా పడవ దళం ఆపరేటర్‌ని వైర్‌లెస్‌లో అడిగాను.

"ఈడ రెండొందల మంది ఉన్నరు. ఎవర్ని పట్టుకోవాలె? ఓవర్."

ఐదూ ఇరవై. ఆమె ఏడవలేదు. పిల్లను గట్టిగా పట్టుకుని రేవు వైపే చూస్తోంది.

హవల్దార్ లేచాడు. "మైకు ఆమెకియ్యి."

"సార్, ఆర్డర్..."

"ఆర్డర్ నాకెరికే. జవాబు నేను చెప్పుకుంట. ఇయ్యి తమ్మీ."

ఎర్ర మీట నొక్కాను. రెండో జోన్ తెరిచాను. ఆమె మొదట గట్టిగా అరిచింది, హారన్ ఊళ వేసింది. గెయిన్ తగ్గించాను. "అక్కా, ఇంట్ల పిలిచినట్టే పిలువు," అన్నాను.

"ఓ సమ్మక్క నాయినా... నేను బడిల ఉన్న. బిడ్డ నా సంకలనే ఉన్నది. అటు పోకయ్యా. ఇటు రా."

సమ్మక్క అంటే ఆ చంకలో పిల్ల. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. జనంలో ఒక్క మనిషి, ఒక కాలు తెప్ప మీద, ఒక కాలు బురదలో, కదలకుండా ఆగిపోయాడు. తలెత్తి స్తంభం మీది హారన్‌ని చూశాడు. అప్పుడు వైర్‌లెస్ గరగరలాడింది.

"దొరికిండు. మైకుకు జవాబు చెప్తుండు. ఇనుండ్రి, ఓవర్."

ఆపరేటర్ తన హ్యాండ్‌సెట్ అటు పెట్టినట్టున్నాడు. ఒక గొంతు వచ్చింది. "వస్తున్ననే... ఆడనే ఉండు, వస్తున్న."

అప్పుడు ఏడ్చింది ఆమె. హవల్దార్ ముఖం అటు తిప్పుకున్నాడు.

కెప్టెన్ ఆయనను పిలిపించి చీవాట్లు పెట్టాడు. మర్నాటి నుంచి మాత్రం, మా పక్కన కూర్చుని, ఎవరి మనుషులను వాళ్లే పిలుచుకోవచ్చని ఆర్డర్ మార్చాడు. మిగిలిన రోజుల్లో ఆ మైకులో ఎన్ని పిలుపులో! బావా, పెద్దవ్వా, లచ్చక్క కొడుకా. పేర్లకు కదలనివాళ్లు ఆ పిలుపులకు పరుగెత్తి వచ్చారు.

పన్నెండో రోజు సామాను ఎక్కించాం. షిఫ్టు దిగి, బొగ్గు ముఖాలు కడగకుండానే, కాలనీ కార్మికులు మాకు అన్నం మూటలు కట్టి ఇచ్చారు. ఆ తర్వాత సరిహద్దు కూడా చూశాను, అక్కడ రెండు చలికాలాలు గడిపాను. అయినా సైన్యం నాకేమిచ్చిందని మా వాడకట్టులో ఎవరైనా అడిగితే ఆ పన్నెండు రోజులే చెబుతాను. ఆ హవల్దార్‌కు, పేరు పలకని ఆ అక్కకు నేను రుణపడి ఉన్నాను.

కళ్లు మూస్తే ఇప్పటికీ ఆ మనిషే కనిపిస్తాడు. వానలో, ఒక కాలు తెప్ప మీద, ఒక కాలు బురదలో, తలెత్తి హారన్‌కు బదులు చెబుతూ.