అన్నయ్య కట్టిన పాటగాడి వేషం

మొన్న మనవరాలు నన్ను హైదరాబాదులో ఒక నాటకానికి తీసుకెళ్ళింది. గిటారు వాయించే పేరున్న పాటగాడు, అతని ప్రేమ, చివరికి ఆ పిల్ల చావు. చుట్టూ పిల్లలు కళ్ళు తుడుచుకుంటుంటే నాకు మా చిన్నన్నయ్య గుర్తొచ్చాడు.

అరవైల మొదట్లో నరసరావుపేటలో అన్నయ్య కూడా అలాంటి వేషమే కట్టాడు. గిటారుకు బదులు హార్మనీ, అంతే తేడా. గ్రామఫోను రికార్డులతో ఊరూరా పేరు మోగిన గాయకుడు, అతనికోసం ప్రాణం విడిచే పిల్ల. అన్నయ్య మిషను స్కూల్లో టీచరు, చర్చిలో పాటలన్నీ ఆయనే ఎత్తుకునేవాడు. వేషం కోసం జుట్టు పెంచి, సిల్కు లాల్చీ కుట్టించుకుని, పాలమనిషితో కూడా డైలాగుల్లోనే మాట్లాడేవాడు. కథానాయిక వేషానికి గుంటూరు నుంచి ఒకమ్మాయిని పిలిపించారు. ఆమె గొంతు విప్పితే రిహార్సలు గది బయట రిక్షాలు ఆగిపోయేవి. నిజమైన స్టారు ఆమే. నాటకం ఒక కొలిక్కి వచ్చేసరికి ఇద్దరూ మనసుపడ్డారు.

ప్రదర్శనకు ముందురోజు అన్నయ్య ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు. నాన్న కూర్చోమని మర్యాదగానే చెప్పాడు. “నాటకాలు మానుకుంటేనే ఈ ఇంటి కోడలివమ్మా. ఇంకో మాట లేదు.”

“మానితే నాకింకేం మిగులుద్దండీ?” అంటూ ఆమె అన్నయ్య వంక చూసింది. అన్నయ్య నేల చూశాడు. నేను కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయాను.

మర్నాడు చివరి రంగం. చనిపోయిన నాయిక తల ఒళ్ళో పెట్టుకుని అన్నయ్య పాట ఎత్తుకోవాలి. హార్మనీ శ్రుతి ఇస్తూనే ఉంది, పాట రాలేదు. “మానొద్దులే. నువ్వు నాటకాలు మానొద్దు. నేనే నీ వెంట వస్తా,” అన్నాడు. నాటకంలో ఆ మాటలు లేవు. చచ్చిన మనిషి జవాబు చెప్పకూడదు కదా, మూసిన కళ్ళలోంచి నీళ్ళు మాత్రం ముఖాన రంగు చెరుపుకుంటూ కారాయి. వెనక బెంచీల్లోంచి ఎవడో “ఒరేయ్, చచ్చిన పిల్ల ఏడుస్తందిరా!” అని అరిచాడు. హాలంతా ఘొల్లున నవ్వింది.

తెర పడగానే నేను లోపలికి పరుగెత్తాను. ఆమె లేచి పమిట సర్దుకుంటోంది. “ఇంతమందిలో అన్నారే, నిన్న మీ నాన్నగారొక్కరి ముందు అనలేకపోయారేం?” అని అన్నయ్యను అడిగింది. అప్పటికే నాన్న వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆమె ఆయన్ని చూసి, “పోనీ, ఇప్పుడనండి,” అంది.

అన్నయ్య పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆమె నా భుజం ఒకసారి తట్టి, గుంటూరు నుంచి వచ్చిన తనవాళ్ళతో వెళ్ళిపోయింది.

తర్వాత అన్నయ్య పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని చదివించాడు, మంచి హెడ్మాస్టరనిపించుకున్నాడు. చర్చిలో మాత్రం మళ్ళీ పాట ఎత్తుకోలేదు. తెర వెనక నోరు పెగలని ఆ కాసేపు, తర్వాతి సంసారమంతటికంటే పొడుగ్గా గడిచిందేమో ఆయనకు.