నాన్నగారు చెప్పిన పేర్లు

రాజమండ్రి కాలేజీలో ఉదయ్‌భాస్కర్ గారు మాకు జావా చెప్పేవారు. ఫైల్లోకి రాసే లైనులో ‘ట్రూ’ అని చేర్చకపోతే, ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ పాతదంతా చెరిగిపోయి కొత్తదే మిగులుతుంది. అది మరిచిపోయినవాళ్లను గంటసేపు గోడ పక్కన నిలబెట్టేవారు. నన్ను రెండుసార్లు నిలబెట్టారు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఆయన తండ్రి గోపాలకృష్ణమూర్తి గారు గోదావరి రేవులో పిండాలు పెట్టించే పురోహితులు. వందల కుటుంబాల మూడు తరాల పేర్లు ఆయన నోటికి వచ్చు. మంచాన పడ్డాక నెల్లాళ్లపాటు రోజుకు కొన్ని చొప్పున చెప్పారు. ఆయన అన్న ప్రతి మాటనూ మాస్టారు తను రాసిన ప్రోగ్రాంతో ఫైలుకెక్కించారు. ఒక్కరోజూ తెరిచి చూసుకోలేదు. తన ప్రోగ్రాంను అనుమానించే మనిషి కాదు.

పెద్దాయన పోయాక నేను పలకరించడానికి వెళ్లిన రోజే అమలాపురం నుంచి ఒకాయన వచ్చాడు. "మా ముత్తాతగారి పేరు మీ నాన్నగారికే తెలుసండి. కాస్త చూసి చెప్తారా?" అన్నాడు.

మాస్టారు ఫైలు తెరిచారు. పేర్లలో ఒక్కటీ లేదు. చివరి రోజు మాట మాత్రం ఉంది: "ఇవాళ ఓపిక లేదురా. చెప్పినవి జాగ్రత్త."

ప్రోగ్రాం తీసి చూస్తే ఆ లైనులో ‘ట్రూ’ లేదు. మాస్టారు కుర్చీలోంచి లేచి వెళ్లి గోడ పక్కన నిలబడ్డారు.