కదిరప్ప సార్ నిద్ర

ఎవరైనా పాఠం చెప్పడం మొదలుపెడితే చాలు, కదిరప్ప సార్ నిద్రపోయేవాడు. అందులో దాపరికమేమీ లేదు. వెనక బెంచీలో కూర్చుని, చేతులు కట్టుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, రెండో నిమిషానికల్లా గురక. అదీ మామూలు గురక కాదు. బోరులో నీళ్లు అడుగంటినాక మోటారు గాలి లాగుతుందే, అచ్చం ఆ చప్పుడు.

నిద్రపోయే అయ్యవార్లు లోకంలో లేకపోలేదు. కానీ ఈయన ఉద్యోగమే పాఠాలు చూడటం. బీఈడీ కాలేజీలో కంప్యూటర్ పాఠం ఎట్లా చెప్పాలో నేర్పే లెక్చరర్. ఆయన దగ్గర చేరినవాళ్లు చుట్టుపక్కల బడులకు పోయి నలభై పాఠాలు చెప్పాల. ముప్పై తొమ్మిది ఈయన చూడాల, చూసి రికార్డులో తప్పొప్పులు రాసి సంతకం పెట్టాల. నలభయ్యోది బయటినుంచి వచ్చే పరీక్షాధికారి చూస్తాడు. చూడటానికే జీతం తీసుకునే మనిషి కళ్లు మూసుకుంటే ఎవరికి చెప్పుకోవాల?

తిప్పేష్ అనే కుర్రాడు ఒకసారి పాఠం మధ్యలో బయటికి పోయి, టీ తాగి, మూతి తుడుచుకుని వచ్చి మళ్లీ మొదలుపెట్టినాడు. గురక ఎక్కడ వదిలిపోయినాడో అక్కడే ఉంది. ఇంకోసారి మేక ఒకటి తరగతిలోకి వచ్చి సార్ జేబులోని కాగితం నమిలి పోయింది. సార్ కదలలేదు. పాఠం అయిపోయి డస్టర్ బల్లమీద పెట్టిన చప్పుడు వినబడితే మాత్రం ఠక్కున లేచి, "బాగుంది మా" అని రికార్డు చేతికి తీసుకునేవాడు. అందులో ఏదో ఒకటిన్నర పేజీ రాసేవాడు కూడా. దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు. నిద్రపోయినోడు రాసింది చదివి ఏం బాగుపడతామని, సంతకం ఉందో లేదో చూసుకుని మూసేసేవాళ్లు.

ఆ నిద్ర మీద ఆధారపడి బతికినది మాత్రం ఎస్తేరు.

ఎస్తేరు ఎంసీఏలో కాలేజీకే మొదటిది. బెంగళూరులో ఉద్యోగం కూడా వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుంటే పులి. నలుగురు తనవైపు చూస్తే నాలుక అంగిటికి అంటుకునేది. ఆఫీసు మీటింగులో "నువ్వు చేసింది చెప్పు" అంటే ఏడ్చేసింది. రెండోసారీ అంతే. మూడోసారి వాళ్లు పిలవలేదు, ఇంటికి పంపించినారు.

కంబదూరు దగ్గర గొర్రెలు మేపే వాళ్ల నాయన యేసన్న కోప్పడలేదు. "పోనీలే పాపా. టీచరయితే నీ ఎదురుగా ఉండేది చిన్నపిల్లోళ్లే కదా, వాళ్లకెందుకు భయం?" అని బీఈడీలో చేర్పించినాడు. పిల్లల వెనక బెంచీలో ఒక సార్ కూర్చుంటాడని పాపం ఆయనకెవరూ చెప్పలేదు. ఇది కూడా పోతే ఆ అమ్మాయికి ఇంకో దారి లేదు.

మొదటి పాఠం ఎనిమిదో తరగతికి. వానలు లేక ఇండ్లకిండ్లే బెంగళూరు పనులకు పోయినాయి, సగం బెంచీలు ఖాళీ. కరెంటు లేదు, అందుకని బోర్డు మీద కంప్యూటర్ బొమ్మ గీసింది. పాఠ్య పథకం మొత్తం, కామాతో సహా బట్టీ పట్టుకుని వచ్చింది. గోడవైపు చూస్తూ ఒక్క గుక్కలో అందుకుంది.

"పిల్లలూ, అక్షరాలు దేనితో టైపు చేస్తాం విద్యార్థులు కీబోర్డు అని జవాబిస్తారు ఉపాధ్యాయురాలు చిరునవ్వుతో మెచ్చుకుంటుంది."

ముందు బెంచీ పిల్లోడు లేచి నిలబడినాడు. "మేమింకా ఏమీ చెప్పల్యా మేడం!"

పిల్లలు పడీపడీ నవ్వినారు. ఎస్తేరు చచ్చినాననుకుని వెనక బెంచీకేసి చూసింది. సార్ గురక పెడుతున్నాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. సుద్దముక్క తీసుకుని, ఈసారి పిల్లల జవాబు పిల్లలకే వదిలిపెట్టి, మళ్లీ మొదలుపెట్టింది.

"సార్ మేల్కొని ఉంటే ఆ పొద్దే ఇంటికి పోయి గొర్రెలెనక పడుందును" అని తిప్పేష్‌తో చెప్పేది. ప్రతి పాఠానికీ ముందు గురక వినబడేదాకా ఆగేది. వినబడినాక నోరు తెరిచేది. అట్లా ముప్పై తొమ్మిది అయినాయి.

ముప్పై తొమ్మిదో పాఠం మర్నాడు పొద్దున్నే, కాలేజీకి బయల్దేరుతూ స్కూటర్ స్టాండు తీస్తున్న కదిరప్ప సార్ గుండె పట్టుకుని కూలబడినాడు. మళ్లీ లేవలేదు. యాభై ఎనిమిదేండ్లు.

సంతాప సభలో ఎవరు మైకు పట్టుకున్నా నిద్ర కథే. టీ కథకు నవ్వినారు, మేక కథకు ఇంకా నవ్వినారు. నవ్వి, ఆయన ఫోటో వైపు చూసి, ఒకరి తర్వాత ఒకరు తల దించుకున్నారు. ఎస్తేరును పిలిచినారు. లేచింది. వందమంది చూపులూ తనమీదే. మైకు ముట్టుకోకుండానే కూర్చుండిపోయింది. పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ వచ్చేవాడు కళ్లు తెరుచుకుని చూస్తాడు.

సార్ చివరిసారి దిద్దుతానని తీసుకుపోయిన రికార్డులు ఆయన ఇంట్లోనే ఉండిపోయినాయి. తెచ్చుకుందామని ఎస్తేరు, తిప్పేష్ పోయినారు. సార్ భార్య నాగలక్ష్మమ్మ కట్ట తెచ్చి ముందర పెట్టింది. ఏదో ఒకటి అనాల కదా అని తిప్పేష్ గొంతు సవరించుకున్నాడు.

"బాధపడొద్దమ్మా. ఇప్పుడన్నా సార్ కడుపునిండా నిద్రపోతాడు."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఎస్తేరు వాని కాలు తొక్కింది. నాగలక్ష్మమ్మ మాత్రం తలూపింది.

"అవు నాయనా, పోవాల. పదకొండేండ్లాయ ఆ మనిషి కంటిమీద కునుకు పడి. ఎన్ని మాత్రలేసినా నిద్ర పట్టకపాయె."

తిప్పేష్ ఎస్తేరు మొహం చూసినాడు. "అదేందమ్మా, మా పాఠాల్లో గురక పెట్టి మరీ..."

"గురకా! ఎట్ల పెట్టేటోడు?"

తిప్పేష్ మొహమాటపడుతూనే పెట్టి చూపించినాడు, గాలి లాగే మోటారుతో సహా. నాగలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓరి నీ! అది నా గురక! నా పక్కన మేలుకోని నేర్చుకున్యాడు!"

నవ్విన కొంగుతోనే కళ్లు తుడుచుకుని చెప్పింది. ముందర ఆయన కళ్లార్పకుండా చూసేవాడంట. కుందుర్పి నుంచి వచ్చిన ఓబులమ్మ అనే పిల్ల ఒకరోజు పాఠం మధ్యలో ఆ చూపు చూసి, సుద్దముక్క బల్లమీద పెట్టి బయటికి నడిచింది. మళ్లీ రాలేదు. సార్ మూడుసార్లు ఆ ఊరికి పోయినాడు. ఆ పిల్ల తలుపు తీయలేదు.

"'నా కండ్లకు భయపడి చదువు మానేసెనే' అని అదే మాట. ఆ పొద్దునుంచి ఇంట్లో నిద్ర పాయె. మీ దగ్గర మూసుకునేది మొదలుపెట్టినట్టుండాడు."

బస్సులో ఎస్తేరు రికార్డు తెరిచి మొదటిసారి చదివింది. ఒకటో పాఠం: 'జవాబు పిల్లలను చెప్పనియ్యి. కిటికీ పక్క పాప రెండుసార్లు చెయ్యెత్తింది, నువ్వు చూసుకోలేదు.' పదిహేడు: 'బోర్డు మీద చెయ్యి వణకలేదు. సంతోషం.' ముప్పై నాలుగు: '"మెల్లిగా చదవండ్రా, సార్ లేస్తాడు" అన్నావు. వినబడింది. మార్కు తగ్గించలేదు.' ముప్పై తొమ్మిది: 'ఈ పొద్దు ఒక్కసారి కూడా నా తట్టు చూడలేదు. ఇంక నాకు పని లేదు.'

ముప్పై తొమ్మిది సార్లు ఆ మనిషి చూస్తూనే ఉన్నాడు. తను చెబుతూనే ఉంది. కంబదూరు వచ్చేదాకా ఆ పేజీల మీద ఎండ, దుమ్ము, కన్నీళ్లు అన్నీ పడినాయి.

పరీక్షకు వచ్చినది వెంకటరాముడు అనే పెద్దాయన. లావుపాటి అద్దాలు, వాటి వెనక ఇంతింత కళ్లు. ఎస్తేరు ఒకసారి గోడవైపు తిరిగింది. తర్వాత ఆ కళ్లకేసే చూసి నమస్కారం పెట్టి మొదలుపెట్టింది. ఒక పాపను కీబోర్డు చేసింది, ఇంకొకన్ని మెమరీ చేసింది, తరగతంతా కంప్యూటరై గలగలమంటోంది.

పాపం వెంకటరాముడు సార్ మొదటి బస్సుకు బయల్దేరి వచ్చినాడు. పైగా మధ్యాహ్నం సంగటి తిన్నాడు. పదిహేనో నిమిషానికి తల వాలింది. గురక వచ్చింది. ఇది ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, సొంతం.

కిటికీ బయటనుంచి తిప్పేష్ రెండు చేతులూ ఊపుతున్నాడు: కానియ్యి, కానియ్యి!

ఎస్తేరు పాఠం ఆపింది. బెంచీల మధ్యనుంచి నడుచుకుంటూ వెనక్కి పోయింది.

"సార్, లేయండి సార్."

ఆయన ఉలిక్కిపడి అద్దాలు సర్దుకున్నాడు. "ఆఁ... చూస్తానే ఉండా మా. చెప్పు, చెప్పు."

"లేదు సార్, మీరు నిజంగానే నిద్రపోతాండారు. నాకు తేడా తెలుస్తాది." పిల్లలు కిసుక్కుమన్నారు. ఎస్తేరు బోర్డు దగ్గరికి తిరిగొచ్చి సుద్దముక్క అందుకుంది. "అసలు బాగుండేది ఇప్పుడే వస్తాది సార్. రొంతసేపు కండ్లు తెరిచి నన్ను చూడండి."