ఊ కొట్టిన పాఠాలు

మా వైపు కథ చెప్పేవాడికి ఊ కొట్టేవాడు ఉండాలి. ఊ ఆగిందంటే కథ కూడా అక్కడే ఆగుతుంది. "పండుకున్నవా బిడ్డా?" అని అవ్వ నన్ను కుదిపి, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కాక ఇంకాస్త వెనక నుంచి మళ్లీ ఎత్తుకునేది. చదువు చెప్పడమంటే కూడా అంతేనని నాకు కాలేజీలో ఒక స్నేహితుడి వల్ల తెలిసింది. ఆ స్నేహితుడు బి.ఏ. పాస్ కాలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయిన రోజులవి. నేను హుజూరాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చి కరీంనగర్‌లో చదువుకుంటున్నాను. నాతో గది పంచుకున్నవాడు నిర్మల్ పట్నం అవతల, మరాఠీ సరిహద్దు పల్లెవాడు. వాడి మాటలో సగం తెలుగు, సగం మరాఠీ. కోపమొస్తే మరాఠీలో తిట్టేవాడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు కనుక నాకు కోపం వచ్చేది కాదు. మా స్నేహం నిలవడానికి అదొక కారణం.

వాడికి తెలివి ఎక్కువ, ఇంగ్లీషు తక్కువ. బడిలో అన్నీ తెలుగులో చదువుకుని వచ్చిన మాకు కాలేజీ గడప దాటగానే ఇంగ్లీషు ఎదురైంది. మిగతా పేపర్లు బట్టీ పట్టి గట్టెక్కాడు గానీ సైకాలజీలో తప్పాడు. చిత్రమేమిటంటే వాడికి ప్రాణం లాంటి సబ్జెక్టు అదే. మాకంటే ఏడాది ముందున్నవాడు, ఆ ఏడాది పోగొట్టుకుని మా క్లాసులో కూర్చున్నాడు. "ఇంకొక్కపారి చూస్త. గీసారి గూడ కాకపోతే వచ్చి నాగలి పట్టు," అని వాళ్ల బాపు చెప్పి పంపాడట. అది బెదిరింపు కాదు. ఇంటి దగ్గర పత్తి చేనుకు మరో మగదిక్కు లేదు.

మా సైకాలజీ సారు నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివిన మనిషి. "నాకు పాఠాలు ఉర్దూల చెప్పిండ్రు, కలలేమో తెలుగుల వచ్చేటివి," అని నవ్వేవాడు. ఆయన పరిశోధన మొదలుపెట్టాడు. పిల్లవాడికి తన భాషలో చెబితే సైకాలజీ బాగా ఎక్కుతుందని పరీక్ష పెట్టి చూపాలని ఆయన కోరిక. అది రుజువైతే జవాబులు తెలుగులో రాయనివ్వమని హైదరాబాద్‌లోని పెద్దలను అడగవచ్చనుకున్నాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ముందే చెబితే పిల్లలు పనిగట్టుకుని చదువుతారనీ, పరిశోధన చెడుతుందనీ పుస్తకాల్లో ఉందట. అందుకని ఆయన పెదవి విప్పలేదు.

క్లాసును రెండు జట్లు చేశాడు. నాకు ఇంగ్లీషు జట్టు పడింది, నా దోస్తుకు తెలుగు జట్టు. పాఠాలు అవే, సారు ఆయనే, భాష ఒక్కటే వేరు. మొదటి రోజు తెలుగు జట్టు బయటికి వస్తుంటే చూశాను. పెళ్లి భోజనం చేసి వచ్చినవాళ్లలా ఉన్నారు. మేము నోట్సు రాసుకున్నాం, అంతే.

ఆ సాయంత్రం గదిలో వాడు జొన్న రొట్టెలు చేస్తూ అడిగాడు.

"ఏం చెప్పిండుర మీకు?"

"ఏమో. కుక్క, గంట, ఏందో చెప్పిండు. నాకు సమజ్ కాలే."

వాడు రొట్టె పెనం మీద వదిలేసి నా వైపు తిరిగాడు. "మా బాపు బండి ఊరి మలుపు తిరుగంగనే ఎడ్ల మెడల గంటలు ఇనవడుతయి. బాపు ఇంకా ఇంటికి రానే రాడు, మా కుక్క తోక ఊపుడు, నోట్లె చొంగ కార్సుడు మొదలువెడ్తది. ఎందుకు? బాపు అంగడి నుంచి వచ్చినప్పుడల్ల దానికేదన్న ఏస్తడు. గంటలు తినేటియి గావు గద! అయినా దానికి గంటలంటెనే కూడు. ఊ కొట్టవేందిర?"

"ఊ," అన్నాను. రొట్టె మాడింది. పాఠం మాత్రం ఇప్పటికీ మాడలేదు.

మా గదిలో ఒక పద్ధతి ఉండేది. ఊరి నుంచి ఎవరికి ఏమొచ్చినా, సకినాలు గానీ పచ్చడి గానీ, మూట అందరి ముందే విప్పాలి. ఒక్కడే తిన్నవాణ్ని ఆ తర్వాత ఎవడూ పిలిచేవాడు కాదు. పాఠానికీ అదే పద్ధతి పట్టింది. పక్క గదులవాళ్లు, చొప్పదండి నుంచి వచ్చే ఇద్దరు, ఇట్లా ఇంగ్లీషు జట్టు వాళ్లంతా పొద్దుగూకే వేళకు మా గదికి చేరేవాళ్లు. వాడు చెప్పేవాడు, మేము ఊ కొట్టేవాళ్లం. ఎవడి ఊ సన్నబడినా పసిగట్టేవాడు. "నీకు తెల్వలే. ఆగు, ఎన్కకు పోదాం," అనేవాడు. మరపు పాఠం చెబుతూ, "ఒక్క చెలకల ఇయ్యాల జొన్నలు, రేపు పెసర్లు సల్లితె ఏ మొలక ఏదో గుర్తు వట్టగలవా? నా తలకాయల మరాఠీ, ఉర్దూ, తెలుగు గట్లనే మొలిసినయి. ఇప్పుడు పైకెల్లి ఇంగ్లీషు సల్లుతుండ్రు," అన్నాడు. అందరం నవ్వాం. వాడు కూడా నవ్వాడు.

సారు పరీక్ష పెట్టాడు. జవాబులు ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు రాయవచ్చన్నాడు. రెండు జట్లూ బాగా రాశాయి. ఎంత బాగా అంటే, ఏ జట్టు ఏదో తెలియనంత బాగా.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం సారు మా గదికి వచ్చాడు. మేం ఎవరమూ చూడలేదు. వాడు గోడకు ఆనుకుని చెబుతున్నాడు, మేము ఊ కొడుతున్నాం. సారు గుమ్మంలో నిలబడి పాఠమంతా విన్నాడు. అయిపోయాక లోపలికి వచ్చి ట్రంకు పెట్టె మీద కూర్చున్నాడు.

"గిట్ల ఎప్పటి సంది చెప్తున్నవు బిడ్డా?"

"మొదటి దినం సంది సార్. వీళ్లు పాపం ఇంగ్లీషుల విని ఉత్త చేతులతోని వస్తున్నరు. మేమే తిని మేమే మూతి తుడుసుకుంటె బాగుంటదా?"

సారు మమ్మల్ని రెండు జట్లు ఎందుకు చేశాడో చెప్పాడు. తర్వాత ఉన్న సంగతి చెప్పాడు. లెక్కలు చూసిన హైదరాబాద్ పెద్దలు, రెండు జట్లకూ తేడా లేదు కనుక భాష అడ్డం కాదని తేల్చారట. ఇంగ్లీషులోనే చెప్పవచ్చు, ఇంగ్లీషులోనే రాయించవచ్చు.

"జర ముందుగాల చెప్పకపోతిరి సార్," అన్నాడు వాడు.

"చెప్పొద్దని పుస్తకంల ఉండె. మీరు గింత మంచోళ్లని పుస్తకంల లేకపాయె." సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మల్ల మొదటి నుంచి చేద్దాం, ఫికర్ చెయ్యకు."

మళ్లీ చేసే అదృష్టం లేకపోయింది. ఏడాది చివరి పరీక్షల లోపే ఆయనకు బదిలీ వచ్చింది.

మా తప్పేమీ లేదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. సారు తప్పు కూడా లేదు. నా కోపమంతా ఆ పుస్తకం మీదే. ఒక్క కంచంలో తినేవాళ్లను రెండు గదుల్లో కూర్చోబెట్టి, ఎవడి ఆకలి వాడిదేనని లెక్కగట్టే శాస్త్రం ఎవరి ఊళ్లో పుట్టిందో గానీ మా ఊళ్లో పుట్టలేదు. వాళ్లు కొలవాలనుకున్నది తెలుగును. తెలుగు మా గది పొయ్యి దగ్గర కూర్చుని అందరికీ అన్నం పెట్టింది, పేరు మాత్రం ఇంగ్లీషు కొట్టేసింది.

ఏడాది చివరి పరీక్షకు వాడు ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పట్టాడు. గోడ వైపు తిరిగి గొణుక్కుంటుంటే ఊ కొట్టాలని నాకు నోటిదాకా వచ్చేది. బట్టీకి ఎక్కడని ఊ కొడతాం? ఫలితాలు వచ్చాయి. వాడు చెప్పగా విన్నవాళ్లమంతా గట్టెక్కాం. చెప్పినవాడు తప్పాడు. నా నంబరు చూసి వాడే ముందు ఎగిరి గంతేశాడు. "చూసినవా, కుక్క పాఠం వచ్చిందిర నీకు!" అన్నాడు. తన నంబరు కోసం మళ్లీ మళ్లీ వెతకలేదు. వాణ్ని నిర్మల్ బస్సు ఎక్కించి వచ్చి, ఆ గదిలో ఒక్కణ్నే రొట్టె చేసుకోలేక పస్తు పడుకున్నాను. అంత పెద్దవాణ్నయి కూడా ఏడ్చాను.

తర్వాత నేను పై చదువుకు హైదరాబాద్ వెళ్లాను. అక్కడ ఉండగానే, డిగ్రీలో ఇక తెలుగులో రాయవచ్చనే మాట వినిపించడం మొదలైంది. అది చెవిన పడగానే బస్సెక్కాను. నిర్మల్‌లో దిగి, ఎద్దుల బండి దొరికితే ఎక్కి, వాడి ఊరు చేరాను.

పత్తి ఏరే రోజులు. వాడు చేనులోంచి వచ్చాడు, వేళ్ల కొసలు కాయ ముళ్లకు చీరుకుపోయి ఉన్నాయి. బాపు పక్షవాతంతో లోపల మంచం మీద ఉన్నాడు. వాడు అరుగు మీద నాకు గొంగడి పరిచి, చెంబుతో నీళ్లిచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇగ డిగ్రీల తెలుగుల రాయొచ్చునంటర," అన్నాను.

"ఊ," అన్నాడు. కళ్లు వెలిగాయి.

"సైకాలజీ గూడ తెలుగులనే చెప్తరంట."

"ఊ."

"మన సారు కోరుకున్నది గిదే గద."

"ఊ," అన్నాడు మెల్లగా.

"నువ్వు వచ్చి నా రూముల ఉండు. ఆ ఒక్క పేపరు రాసి పో. నీకంటె బాగ ఎవడు రాస్తడు?"

ఊ రాలేదు. లోపలి నుంచి బాపు దగ్గు వినిపించింది. వాడు వేళ్ల సందున చిక్కుకున్న పత్తిని తీసుకుంటున్నాడు.

ఊ ఆగినచోట పాఠాన్ని వెనక్కి తిప్పాలని నాకు నేర్పింది వాడే. అందుకని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. "ఇగ డిగ్రీల తెలుగుల రాయొచ్చునంటర," అన్నాను.

ఈసారి మొదటి మాటకే ఊ రాలేదు.