ఎదురు చుట్టు తిరిగిన గాజు తీగ

పోయిన నెల ఒక మధ్యాహ్నం బెంగళూరు నుంచి ఒక అమ్మాయి నల్లమాడలోని మా ఇంటికి వచ్చి, వసారాలో దుప్పటి పరిచి, దూదిలో చుట్టి తెచ్చిన గాజు గిన్నెలు నాలుగింటిని ఒక్కొక్కటే బయటపెట్టింది. చేత్తో ఊదిన గాజు సామాను ఎవరు చేసిందో తేల్చి చెప్పడం ఆ పిల్ల ఉద్యోగమట. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని మన ఈడువాళ్ళం ఎవరం అనుకున్నాం! మా అన్న చేసిన వస్తువులన్నీ కలిపి ప్రదర్శన పెడుతున్నారనీ, దొరికినవాటిలో కొన్ని నకిలీవని అన్నే చెప్పాడనీ, ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఉన్న చెల్లెలిగా నేను కూడా చూసి అవునని సంతకం పెడితే పని పూర్తవుతుందనీ చెప్పింది. కళ్ళజోడు తుడుచుకుని ఒక నీలం గిన్నెను చేతిలోకి తీసుకున్నాను. దాని చుట్టూ పైకెక్కిన సన్నటి తెల్ల గాజు తీగను చూడగానే గుర్తుపట్టాను. అది నేను చేసిన గిన్నె, మిగతా మూడూ నావే.

ఈ సంగతి చెప్పాలంటే గుత్తి కొండ కింద మా పాత రేకుల షెడ్డు దగ్గరికి పోవాలి. వరసగా మూడేళ్ళు శనక్కాయ చేలు ఎండిపోయాక, మా అన్న ఉత్తరాదికి పోయి గాజు పని నేర్చుకుని వచ్చి, ఆ షెడ్డులో కొలిమి పెట్టాడు. పగిలిన సీసాలు కరిగించి, ఇనుప గొట్టంతో ఊది, దీపపు బుడ్లూ పన్నీరు బుడ్లూ పూజకు పూలు పెట్టుకునే గిన్నెలూ చేసేవాడు. వానతో పనిలేని పంట పెట్టినాడు మావాడు అని నాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు.

నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. ఆ రోజుల్లో ఆడపిల్లకు అది ఎంత కష్టమో మీకు తెలియంది కాదు. అన్నం తినేటప్పుడు అమ్మ నా ఎడమచేతిని కొంగుతో కట్టేసేది, బళ్ళో అయ్యవారు వేళ్ళ మీద బెత్తంతో కొట్టి పలక కుడిచేతికి మార్పించారు, ఎవరికైనా ఏదైనా ఎడమచేత్తో అందిస్తే వాళ్ళను అవమానించినట్టే. బడి మానేసి అన్నకు సాయంగా షెడ్డుకు పోయిన కొత్తల్లో, గొట్టాన్ని కుడివైపు నుంచి తిప్పలేక రెండు బుడ్లు నేలపాలు చేశాను. తిడతాడనుకున్నాను. మర్నాడు పోయేసరికి, కూర్చుని గొట్టం ఆనించి దొర్లించే కొయ్యబల్లను అటుది ఇటు తిప్పి వేసి ఉంచాడు. ఈడ నీ చెయ్యే మేలు పాపా, నీకు వచ్చినట్టు తిప్పు అన్నాడు. లోకంలో నా ఎడమచెయ్యి తప్పు కాని చోటు అదొక్కటే. పెళ్ళయి నల్లమాడకు వచ్చేదాకా ఏడేళ్ళు ఆ బల్ల మీద పని చేశాను. అన్న చేసినవాటిలో చుట్టూ చుట్టిన రంగు గాజు తీగ కుడివైపుకు తిరుగుతూ పైకెక్కితే, నావాటిలో ఎడమవైపుకు ఎక్కేది. మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ ఆ తేడా తెలియదు.

తెలియకూడదు కూడా. పూజకూ పెళ్ళికీ వాడే సామాను ఎడమచేత్తో చేసిందని తెలిస్తే ఎవరు కొంటారు? కొనేవాళ్ళు వస్తున్నారంటే నువ్వు పక్కకు పో పాపా అని అన్న ఒక్కసారే చెప్పాడు. ఆ తర్వాత చెప్పనక్కరలేకుండా, గేటు చప్పుడు కాగానే నేనే బల్ల దిగి చీపురు పట్టుకునేదాన్ని. ప్రతి వస్తువు అడుగునా అన్న ఒక సున్నా, దాని మధ్యలో ఒక చుక్క చెక్కేవాడు. సున్నా నేను, చుక్క నువ్వు అనేవాడు. పిచ్చిదాన్ని, యాభై ఏళ్ళు ఆ మాట నమ్ముకుని సంతోషంగా బతికాను.

నేను గిన్నెను తిప్పి తిప్పి చూస్తుంటే ఆ అమ్మాయి తన ఫోనులో రికార్డు చేసుకొచ్చిన మా అన్న మాటలు వినిపించింది. బెంగళూరులో స్థిరపడి, శాలువాలూ బిరుదులూ అందుకున్నా మాట తీరు మాత్రం మారలేదు. సున్నా అంటే కొలిమి, చుక్క అంటే నిప్పు అని వివరించి, ఆ తర్వాత ఇలా అన్నాడు:

"ఈ ఎదురు సుట్టు ఉండేటివి నావి కావమ్మా. ఎవురో నా గుర్తు ఏసి అమ్ముకున్నారు."

పెరట్లోకి పోయి అన్నకు ఫోన్ చేశాను. బల్ల తిప్పి వేసింది నువ్వే కదన్నా అని అడిగాను. "ఇన్నేండ్లు యాడా చెప్పలేదు గదా పాపా. ఇప్పుడు చెప్తే నన్ను దొంగంటారు" అన్నాడు. తనను దొంగ అనకుండా ఉండటానికి నా పనిని దొంగపని చేశాడు. పేరు లేకపోతే పోయింది, నేనెప్పుడూ అడగలేదు. నా చేతిని మొదట మెచ్చుకున్నవాడే అది నకిలీదని సాక్ష్యం చెప్పడం నాకు ఈ రోజుకూ మింగుడు పడటం లేదు.

వసారాలోకి వచ్చి ఆ పిల్లకు ఉన్నదంతా చెప్పేశాను. ఓపిగ్గా విన్నది. నేను పని చేస్తుండగా తీసిన ఫోటో ఉందా, చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. అమ్మా నాయనా పోయారు. ఇక చూసినవాడు అన్న ఒక్కడే. మిగతావాళ్ళంతా నా చేతిలో చీపురునే చూశారు. నేను సంతకం పెట్టనన్నాను. ఆ పిల్ల కాగితం మీద నకిలీ అన్న మాట కొట్టేసి, ఆ నాలుగు గిన్నెలకు ఎదురుగా 'చేసినవారు ఎవరో తెలియదు' అని రాసుకుంది. తన చేతనైనంత న్యాయం చేసింది, కాదనను.

పోతూ నీలం గిన్నె ఇవ్వమని చెయ్యి చాపితే, అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక మొదటిసారి, ఇంటికొచ్చిన మనిషికి కావాలనే ఎడమచేత్తో అందించాను. ఆ అమ్మాయి గమనించనైనా లేదు, నవ్వుతూ తీసుకుని దూదిలో చుట్టుకుంది. మా మనవరాలు ఎడమచేత్తోనే రాస్తుంది, ఎడమచేత్తోనే ప్రసాదం పుచ్చుకుంటుంది, ఎవరూ ఏమీ అనరు. కాలం మంచిగానే మారింది. దాచుకోనక్కరలేని రోజులు నా చేతికి కూడా వచ్చాయి, కానీ అది నా చెయ్యేనని చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి చెప్పనన్నాడు.