జేబెజ్ చేతిలో నల్ల దిమ్మ

నిప్పుకణికని వేళ్ళతో తీసి పైపు ముట్టించుకునే మనిషి పెన్హాలో ఊరు మొత్తానికీ ఒక్కడే, జేబెజ్ నాన్‌కివెల్. రాగి గనిలో కమ్మరి. మీసం మొలవకముందు పట్టిన సమ్మెట మీసం నెరిసేదాకా దించలేదు. వేళ్ళ కొసలు ఎద్దు గిట్టల్లా తయారయ్యాయి. "ఇంకోసారి తాతా, ఇంకోసారి" అని పిల్లలు గోల చేస్తే కణికని అరచేతిలో దొర్లించి మరీ చూపించేవాడు. ఆయన భార్య థర్జా మాత్రం "ఆ చేత్తో చెంప నిమిరితే బొగ్గుబస్తా రాసుకున్నట్టుంటుంది, ఆయనకి మాత్రం నేనున్నానో తలగడ ఉందో తెలీదు" అనేది, నలుగురిలోనే.

గని ఆయనకి తిండి పెట్టింది. గౌరవం పెట్టింది మాత్రం మేసన్ల లాడ్జి, ఒట్టు వేసి చేరే మగాళ్ళ రహస్య సంఘం. లోపల వీళ్ళేం చేస్తారో బయట ఎవరికీ తెలియదు. బయట చెప్పబోమని ఒట్టు. మేక మీద ఎక్కించి ఊరేగిస్తారని ఆడవాళ్ళం ఒకటే నవ్వుకునేవాళ్ళం. మీటింగు జరిగినంతసేపూ తలుపు బయట దూసిన కత్తితో కావలి కూర్చోవడం జేబెజ్ ఉద్యోగం. అందులో జీతం లేదు, ఠీవి ఉంది. లాడ్జి సభ్యుడు, వాళ్ళ మాటలో బ్రదర్, ఎవరైనా జబ్బు పడితే మంచం పక్కన ముందు కూర్చునేదీ, చచ్చిపోతే తెల్ల చేతితొడుగులు వేసుకుని పాడె ముందు నడిచేదీ, ఆ ఇంటి విధవరాలికి చలికాలం కట్టెలు కొట్టి పడేసేదీ ఆయనే. తన ఇంట్లో కట్టెలు థర్జా కొట్టుకునేది.

ఆయనకి ఒక్కతే కూతురు, కెజియా. అల్లుడు హెడ్లీ మంగలి. మంచివాడు, కాస్త బిగుసుకుపోయే మనిషి. వాడి తండ్రి వెనకటి సమ్మెలో అందరూ పనిమానేస్తే గనిలోకి దిగినవాడు. తండ్రి పోయి చాలా కాలమైనా ఆ మాట పోలేదు. లాడ్జివాళ్ళు గెడ్డం గీయించుకోవడానికి వచ్చేవాళ్ళు గానీ పక్కన కూర్చుని టీ తాగేవాళ్ళు కాదు. వాడిని లాడ్జిలో చేర్పిస్తే ఆ మచ్చ ఒక్క రాత్రిలో కడుక్కుపోతుంది, కూతురు చర్చిలో ముందు బల్ల మీద తలెత్తుకుని కూర్చుంటుంది. జేబెజ్ బతుకులో మిగిలిన కోరిక ఇదొక్కటే. వాడి పేరు తనే ప్రతిపాదించాడు.

"ఒప్పుకుంటారంటావా మావయ్యా?" అని హెడ్లీ అడిగాడు.

"నేను అడిగితే కాదంటారట్రా? వాళ్ళ తండ్రుల పాడెల ముందు నడిచాను. కొత్త కోటు కుట్టించుకో."

కోటు కుట్టించుకున్నాడు. ఊరంతటికీ చెప్పుకున్నాడు కూడా, అదీ వాడి ఖర్మ.

లాడ్జిలో కొత్తవాడిని చేర్చుకోవాలంటే చీటీలు రాయరు, చేతులెత్తరు. ఒక చెక్కపెట్టె ఒకరి నుంచి ఒకరికి వెళుతుంది. అరలో తెల్ల గోళీలూ, అంతే సైజు నల్ల చదరపు దిమ్మలూ కలిసి ఉంటాయి. పైన మూత. చెయ్యి లోపల పెట్టి, తడిమి, ఒకటి పిడికిట్లో తీసుకుని వెనక ఉన్న కన్నంలోంచి సొరుగులోకి జారవిడవాలి. గుండ్రంగా ఉంటే సరే, పలకలుంటే వద్దు. ఎవరు ఏది వేశారో పక్కవాడికి కూడా కనపడదు, చెప్పకూడదు, అడగకూడదు. ఒక్క నల్లది పడిందా, ఆ మనిషి పని అయిపోయినట్టే.

హెడ్లీ పేరు ఓటుకి వచ్చిన సాయంత్రం తలుపు దగ్గర వేరొకర్ని నిలబెట్టి జేబెజ్‌ని ఓటు కోసం లోపలికి పిలిచారు. అందరికంటే ముందు ఆయనే చెయ్యి పెట్టాడు. గర్వంగా పెట్టాడు. చివరికి గని కెప్టెన్ పాస్కో, ఆ ఏడు లాడ్జికి పెద్ద ఆయనే, సొరుగు లాగి చూశాడు. తెల్లవాటి మధ్య ఒక నల్ల దిమ్మ.

పాస్కో సొరుగు వెంటనే మూసేశాడు.

"పొరపాటు జరిగి ఉండొచ్చు," అన్నాడు పాస్కో. "బ్రదర్స్, మళ్ళీ వేద్దాం. ఈసారి జాగ్రత్తగా."

మళ్ళీ తిరిగింది పెట్టె. మళ్ళీ అదే, ఒక్క నల్ల దిమ్మ. అంటే పొరపాటు కాదు, పగ. జేబెజ్ ఒక్కొక్కడి మొహమే చూశాడు. వీడా? వీడా? ఎవడి ఇంటి కట్టెలు కొట్టానో వాడేనా? ఆ వేళ కత్తి చేతిలో లేకపోవడమే మంచిదైంది.

మీటింగు ముగిశాక సామాను సర్దడం కూడా ఆయన పనే. అందరూ భోజనాల బల్ల దగ్గర ఉండగా గోళీలూ దిమ్మలూ గుడ్డసంచిలోకి దించుతున్నాడు. ఒక గోళీ అడుగున ఇరుక్కుంటే చెయ్యి పెట్టి తీశాడు. వెలుగులోకి తెచ్చి చూస్తే నల్ల దిమ్మ. మళ్ళీ చెయ్యి పెట్టాడు. గోళీ అనుకుంటే దిమ్మ, దిమ్మ అనుకుంటే గోళీ. వేళ్ళు రెంటికీ ఒకే మాట చెప్పాయి, అసలేమీ చెప్పలేదు. పక్క గదిలో ఎవరో జోకు వేస్తే అందరూ పగలబడి నవ్వుతున్నారు. జేబెజ్ సంచి మూతి కట్టాడు. రెండుసార్లూ ఆ నల్లది వేసింది తన చెయ్యే.

మర్నాడు పాస్కో ఇంటికి వెళ్ళి టోపీ చేత్తో పట్టుకుని నిజం చెప్పేశాడు. ఎవరి ఓటు వారు చెప్పకూడదని తెలిసే చెప్పాడు.

పాస్కో ముందు కళ్ళు పెద్దవి చేశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలెట్టాడు.

"నువ్వా? జేబెజ్, నువ్వా? మేమంతా నీ మొహం చూసి తెల్లవి వేశామయ్యా! ఆ సమ్మెద్రోహి కొడుకు పక్కన కూర్చుని తినాల్సొస్తుందే దేవుడా అనుకుంటూ వేశాం. నీ చెయ్యి మా అందరి కంటే తెలివైంది."

"మళ్ళీ పెట్టించండి కెప్టెన్‌గారూ. పొరపాటని మీరు చెప్పండి."

"ఏం చెప్పమంటావ్? నువ్వేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. ఇంకెక్కడైనా ఈ మాటంటే ఒట్టు తప్పిన లెక్క. కత్తీ పోతుంది, రేపు నీ శవం ముందు తెల్ల చేతితొడుగూ ఉండదు. వెళ్ళు. పోతూ పోతూ తలుపెయ్యి, అది నీకు బాగా వచ్చుగా."

లోపలి మాట బయటికి రాదంటారు గానీ, ఓటు పడ్డ మర్నాడు పాలవాడు వచ్చే వేళకే హెడ్లీని కాదన్నారని ఊరందరికీ తెలిసింది. ఎందుకు కాదన్నారో తెలియదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. పెళ్ళాన్ని కొడతాడట. కాదు, పోర్ట్ అడిలైడ్‌లో ఇంకో పెళ్ళాం ఉందట. "అంతమంది పెద్దమనుషులు వద్దన్నవాడి కత్తి కింద పీక పెట్టమంటావా?" అన్నాడు మాంసం కొట్టువాడు, అందరూ కిసుక్కున నవ్వారు. అంతే, హెడ్లీ కుర్చీ ఖాళీ. వాడు రోజూ కత్తి నూరి, అద్దం తుడిచి, కొత్త కోటు వేసుకుని గుమ్మంలో నిలబడేవాడు. ఎదురుగా వెళ్ళే మొగాళ్ళు గెడ్డాలు పెంచుకున్నారు గానీ లోపలికి రాలేదు. చర్చిలో కెజియా కూర్చున్న బల్ల మీద ఆడవాళ్ళు ఒక్కొక్కరే గాలి రావట్లేదని లేచి వెనక్కి వెళ్ళారు.

జేబెజ్ నోరు మెదపలేదు. ఒట్టుకి భయపడ్డాడా, చేతితొడుగులకి ఆశపడ్డాడా, ఆయనకే తెలియాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అల్లుడూ కూతురూ భోజనానికొచ్చారు. థర్జా మాంసం కూరి పాస్టీలు చేసింది. హెడ్లీ ముట్టుకోలేదు.

"ఈ ఊరొదిలి పోర్ట్ పిరీ వెళ్ళిపోతున్నాం. ఒక్కటి చెప్పు మావయ్యా. ఎవడు వాడు? నువ్వు అక్కడే ఉన్నావు."

జేబెజ్ కంచం పక్కకి జరిపాడు. "నేనే," అన్నాడు. వేళ్ళ సంగతి, సంచి సంగతి, పాస్కో నవ్వు, అన్నీ చెప్పాడు.

హెడ్లీ మెల్లిగా అన్నాడు. "ఒకసారంటే నమ్ముతాను. రెండోసారి కూడానా? కాలకపోవడం వేరు మావయ్యా, గుండ్రమో పలకో తెలియకపోవడం వేరు."

"వాళ్ళని కాపాడుతున్నాడు," అంది థర్జా. "నాకు తెలీదూ! ఇంట్లోవాళ్ళని నరికి లాడ్జివాళ్ళకి వండిపెట్టే మనిషి."

"లేదే! ఒట్టు!"

"ఏ ఒట్టు? ఆ ఒట్టేనా?"

కెజియా లేచి తండ్రి కళ్ళకి తన స్కార్ఫు కట్టింది. బల్ల మీది చక్కెర దిమ్మ ఒకటి, తన కొడుకు ఇక్కడ ఆడుకుని వదిలేసిన గోళీ ఒకటి తీసుకుంది. హెడ్లీ నమ్మకపోయినా నాన్నని తను నమ్మాలని ఆ పిల్లకి ఎంత ఆశగా ఉందో థర్జాకి కనపడింది. "చెప్పు నాన్నా. నిజంగా నీకేది తోస్తే అదే చెప్పు," అని ఒకటి ఆయన అరచేతిలో పెట్టింది.

జేబెజ్ వేళ్ళు ముడిచాడు. ఏమీ తెలియలేదు. ఏదో ఒకటి అనాలిగా. "దిమ్మ," అన్నాడు.

"దిమ్మే," అంది కెజియా.

ఇంకోటి పెట్టింది. "గోళీ," అన్నాడు. "గోళీయే," అంది. మళ్ళీ పెట్టింది. ఈసారి కావాలని తప్పు చెప్పాలనిపించింది ఆయనకి. కానీ ఏది తప్పో ఎలా తెలుస్తుంది? "గోళీ," అన్నాడు.

అరచేతిలో ఉన్నది గోళీయే. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"చెప్పమ్మా, తప్పేనా? తప్పే కదూ?" అన్నాడు జేబెజ్, గంతలతోనే నవ్వడానికి చూస్తూ.

"చాలు నాన్నా, నీ వేళ్ళకి అన్నీ తెలుస్తున్నాయి," అంది కెజియా. "కావాలని చేసింది నువ్వేనంటే నీ మొహం చూడకూడదు. వాళ్ళని దాచడానికి ఈ నాటకం ఆడావంటే అసలే చూడకూడదు."

స్కార్ఫు తన వేళ్ళతోనే విప్పుకోబోయాడు. ముడి ఎక్కడుందో వేళ్ళకి దొరకలేదు. అది ఆయన తడుముకుంటూ ఉండగానే వీధి గేటు పడింది. ఎవరైనా వచ్చి విప్పుతారేమోనని ఆయన తల వంచి కూర్చున్నాడు. థర్జా గిన్నెలు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.